మూడు నెలల లోపు కరెంటు బిల్లు

ఫ్రాన్సులో ఇల్లు అద్దెకు కావాలా? బ్యాంకు ఖాతా ఉందా అంటారు. ఖాతా తెరుద్దామని వెళ్తే, చిరునామా రుజువేదీ అంటారు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు!

రుజువంటే ఏ కాగితమో చాలదు. మూడు నెలల లోపు కరెంటు బిల్లు లాంటిది కావాలి. స్నేహితుడింట్లో ఉంటే ఇంకా వేడుక: అతను సంతకం పెట్టిన ఉత్తరం, అతని గుర్తింపు కార్డు కాపీ, అతని పేరు మీద బిల్లు. బిల్లు భార్య పేరు మీదుందా? అయితే ఆ ఉత్తరం ఆవిడే రాయాలి. లేదంటే మళ్లీ రండి.

ఇంటివాళ్లు తక్కువ తిన్నారా? అద్దెకు మూడింతల జీతం, చివరి మూడు పేస్లిప్పులు, పైగా ఫ్రాన్సులోనే జామీను. నిన్న విమానం దిగినవాడికి పేస్లిప్పు ఎక్కడిదండీ? 30 ఏళ్ల వయసు దాకా విజాల్ అనే ఉచిత పూచీ ఉంది. కానీ అగ్రిమెంటు మీద సంతకం పెట్టకముందే తీసుకోవాలి. ఆ ముక్క ముందు చెప్పేదెవరు?

బ్యాంకు కుదరదంటే తిట్టుకుంటూ బయటికి రాకండి. కుదరదని కాగితం మీద రాయించుకోండి. అది జతచేసి అక్కడి కేంద్ర బ్యాంకు, బాంక్ ద ఫ్రాన్స్‌కి దరఖాస్తు పెడితే ఏదో ఒక బ్యాంకును వాళ్లే కేటాయిస్తారు. ఆ దరఖాస్తుకేం జతచేయాలంటారా?

చిరునామా రుజువు.