నేల మీద కాలు ఆనని మహానుభావుడికి

విశాఖపట్నం

మహారాజశ్రీ స్కేల్ ఫిగర్ గారికి,

విశాఖపట్నంలో ఆర్కిటెక్చర్ చదువుకుంటున్న ఒక విద్యార్థి నమస్కరించి రాసుకునే విన్నపం. అధ్యాపకులు మా డ్రాయింగులను పరీక్షించి మార్కులు వేసే జ్యూరీ రోజున గోడకు అంటించే ప్రతి షీటులోనూ ఒక చేత్తో కాఫీ కప్పు పట్టుకుని, రెండో చెయ్యి జేబులో పెట్టుకుని, ఎక్కడికీ వెళ్లే తొందర లేకుండా నడుస్తూ తమరు దర్శనమిస్తారు. కట్టడం ఎంత ఎత్తుందో, దారి ఎంత వెడల్పుందో చూసేవారికి అంచనా తెలియడం కోసమే మనిషి ఆకారంలో ఉన్న తమరిని కట్టడం బొమ్మలో నిలబెడతామని మొదటి ఏడాదిలో మాకు చెప్పారు. నగర వీధులకు రూపకల్పన చేసే అర్బన్ డిజైన్ స్టూడియో తరగతికి వచ్చేసరికి వ్యవహారం తిరగబడింది. ఇప్పుడు నగరమే తమరి కొలతలకు తగ్గట్టుగా తయారవుతోంది. దాని పేరు 'సుస్థిర, సమ్మిళిత నగరం', అంటే పర్యావరణానికి చేటు చేయనిది, అందరికీ చోటుండేది అని.

తమరిది గొప్ప వంశమని విన్నాను. చండీగఢ్‌కు రూపమిచ్చిన ఆర్కిటెక్ట్ లే కార్బూజియే, మనిషి ఒంటి కొలతల మీద ఆధారపడే 'మాడ్యులోర్' అనే పద్ధతిని రూపొందిస్తూ మొదట 1.75 మీటర్ల మనిషిని ప్రమాణంగా తీసుకుని, తరువాత ఆ మనిషిని 1.83 మీటర్లకు, అంటే ఆరడుగులకు పెంచారు. ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో చూడముచ్చటైన పోలీసులందరూ ఆరడుగుల వారే కావడం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. ఏ నవలలోనో పహరా కాసిన పోలీసు చండీగఢ్ కట్టడాల దాకా వచ్చాడంటే, ఆయన మనవడైన తమరు విశాఖ బీచ్ రోడ్డు మీద షికారు చేయడంలో వింతేమీ లేదు.

ఆ బీచ్ రోడ్డు మీద తమరు నడిచేది ఎప్పుడూ సూర్యాస్తమయ వేళలోనే. మా తరగతిలో చాలామంది కంప్యూటరులో వేసిన రంగుల బొమ్మల్లో, అంటే రెండర్లలో, తమరి వెనుక నారింజ రంగు సూర్యుడు సముద్రంలోకి దిగుతూ ఉంటాడు. బంగాళాఖాతం ఈ ఊరికి తూర్పున ఉందనీ, సాయంత్రం సూర్యుడు దిగేది సింహాచలం కొండల వైపనీ ఇక్కడ చిన్న పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. 'మూడ్ చాలా బాగుంది' అని జ్యూరీ మెచ్చుకున్నాక ఇక దిక్కుల సంగతి ఎవరికి కావాలి? ఒక షీటులో తమరి నీడ ఒకవైపు, చెట్టు నీడ ఇంకోవైపు పడ్డాయి. అందులో తమరి బూట్లు నేలకు బెత్తెడు పైన తేలుతున్నాయి కూడా. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ చెట్ల గురించి కూడా ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు వేళ్లతో సహా పెకిలి రోడ్లకు అడ్డంగా పడిన చెట్లను కళ్లారా చూసి పెరిగిన తరం మాది. అయినా మేము నాటే చెట్టు సాఫ్ట్‌వేర్ లైబ్రరీలోంచి వచ్చిన ఏదో చలిదేశపు చెట్టు. ప్రారంభోత్సవం నాటికే అది మూడంతస్తుల ఎత్తు పెరిగి ఉంటుంది, ఉప్పుగాలికి దాని ఆకు కూడా కదలదు. షీటులో పచ్చరంగు ఎంత ఎక్కువైతే నగరం అంత సుస్థిరమైనట్టు లెక్క. కొండల మీద పడిన వాన గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి, ఎలా దిగుతుందో, ఆ గెడ్డలు పూడుకుపోతే నీళ్లు ఎవరి ఇళ్లలోకి వస్తాయో తమరు చూసి ఎరగరు. తమరు బొమ్మలో ఉండగా వాన పడినట్టు నాకు గుర్తు లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మాకు సైటుగా ఇచ్చిన వీధికి టేపు పట్టుకుని వెళ్లినప్పుడు, పెదజాలరిపేట నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చిన ఒక అమ్మ ఫుట్‌పాత్ పక్కన రోడ్డు మీదే నడుస్తోంది. అయిదడుగులు కూడా లేని మనిషి. పైకెక్కి నడవవచ్చు కదా అంటే, 'ఏటి బాబూ, తట్టతోటి ఈ గట్టెలాగెక్కుతాం?' అని నన్నే అడిగింది. టేపు పెట్టి చూస్తే గట్టు పది అంగుళాలు ఉంది. అది 150 మిల్లీమీటర్లు, అంటే ఆరు అంగుళాలు మించకూడదని రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ ఆరు అంగుళాలు వీల్‌చైర్ ఎక్కాలన్నా ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు చొప్పున ఆరడుగుల ర్యాంపు కావాలి. తమరి తాతగారిని పడుకోబెడితే సరిగ్గా సరిపోతుంది. వంశం పేరు చెప్పుకుని ఆ ఒక్క సేవ చేసినా ఊరు తమరిని తలచుకునేది.

ఆ వీధిలోనే చూపు లేనివారి కోసం వేసిన పసుపు పచ్చని పలకలు ఉన్నాయి. జపాన్‌లో సెయిచి మియాకె 1965లో వీటిని కనిపెట్టగా, 1967లో ఒకయామా నగరంలో మొదటిసారి పరిచారు. పొడవు గీతలుంటే నడవమని, గుండ్రటి బొడిపెలుంటే ఆగమని అర్థం. మా సైటులో గీతల పలకలు తిన్నగా వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మకు తగులుతాయి. బొడిపెల పలకలు వేయలేదు, ఆగమని చెప్పే పని ట్రాన్స్‌ఫార్మరే చూసుకుంటోంది. మా షీటులో మాత్రం ఆ పసుపు గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా ముచ్చటగా సాగుతుంది, దాని మీద చేతికర్రతో నడిచే మనిషి ఒక్కరూ ఉండరు. గీత ఉంది కనుక సమ్మిళితం అయిపోయింది.

మురీ మిక్చర్ బండి, మొక్కజొన్న పొత్తులు కాల్చే ముసలమ్మ లేని బీచ్ రోడ్డును ఈ ఊళ్లో ఎవరైనా ఊహించగలరా? తమరు ఊహించగలరు. ప్రాంత జనాభాలో రెండున్నర శాతం వరకు వీధి వ్యాపారులకు చోటు చూపాలనీ, ఆ చోటు తేల్చే కమిటీలో నలభై శాతానికి తక్కువ కాకుండా వారి ప్రతినిధులే ఉండాలనీ 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం చెబుతోంది. పరీక్షలో అడిగితే మేము సెక్షన్లతో సహా రాస్తాము. రాసిన చేత్తోనే రెండర్‌లో బండి ఉండవలసిన చోట స్టీలు బెంచీ వేసి తమరిని కూర్చోబెడతాము. మే నెల మధ్యాహ్నం ఆ బెంచీ మీద తమరు తప్ప వేరెవరూ కూర్చోలేరు.

కాబట్టి నా మనవి ఏమంటే, ఈ సెమిస్టరుకు తమరు దయచేసి సెలవు పుచ్చుకోండి. తట్టతో ఆ అమ్మను, మిక్చర్ బండిని, బస్టాపులో కూర్చోవడానికి చోటు లేక స్తంభానికి ఆనుకుని నిలబడ్డ పెద్దాయనను నేనే ఫొటోలు తీసి, కత్తిరించి బొమ్మలో పెడుతున్నాను. వాళ్లను పెట్టేసరికి ఫుట్‌పాత్ చాలక రోడ్డు ఒక వరుస తగ్గించవలసి వచ్చింది, పార్కింగు ఎగిరిపోయింది, డ్రాయింగు మూడుసార్లు మారింది. 'బొమ్మ కిక్కిరిసిపోయింది, కాస్త ఖాళీ చెయ్యి' అని జ్యూరీ అంటే, పూర్ణా మార్కెట్‌లో పొద్దుటి పూట తీసిన ఫొటో చూపిద్దామని దగ్గర పెట్టుకున్నాను. మార్కులు తగ్గితే వచ్చే సెమిస్టరులో తమరిని మళ్లీ పిలవక తప్పదు కనుక, తమరి ఫోల్డరు మాత్రం చెరిపేయడం లేదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థి