సంతకం అయ్యాక చేసిన ప్రార్థన

మూడేళ్ల క్రితం ఒక ఆదివారం సాయంత్రం, దుకాణం కోసం మా బంధువు ఒకతను తీసుకుంటున్న అప్పుకు నేను షూరిటీ సంతకం పెట్టాను. కళ్లు మూసుకుని పెట్టలేదు, నిజానికి కళ్లు మూసుకోకపోవడమే తప్పయింది. అతని దుకాణం లెక్కల పుస్తకం తిరగేశాను, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు చూశాను, మా బావగారికి ఫోన్ చేస్తే "మనవాడేగా, పెట్టేసెయ్" అన్నారు. అంతా ముగిసి, కాగితాల పక్కన టీ మీద మీగడ కట్టాక, మా ఆవిడ "ఒక్క మాట ప్రార్థన చేద్దామండీ" అంది. ఆ అప్పును ఆశీర్వదించమని ప్రార్థించాను. అంటే నేను తీసుకున్న నిర్ణయం మీద దేవుణ్ణి సాక్షి సంతకం పెట్టమన్నానన్నమాట. పదో నెల నుంచి ఆ వాయిదాలు నా జీతంలోంచి పోతున్నాయి.

బైబిల్లో యెహోషువ గ్రంథం 9వ అధ్యాయం సండేస్కూలు రోజుల నుంచి తెలిసినదే అయినా, నాకు అర్థమైంది ఆ తరువాతే. కనాను దేశపువాళ్లతో సంధి చేసుకోకూడదన్నది ఇశ్రాయేలీయులకు దేవుని ఆజ్ఞ. ఆ దేశంలోనే ఉండే గిబియోనీయులు, చాలా దూరదేశం నుంచి వచ్చాం, మాతో సంధి చేసుకోండని చెబితే, ఇశ్రాయేలు పెద్దలు గుడ్డిగా నమ్మలేదు. పాత గోనెలు, చినిగితే కుట్టిన ద్రాక్షారసపు తోలు సిద్దెలు, మాసికలు వేసిన చెప్పులు, ఎండి బూజు పట్టిన రొట్టె, అన్నీ కళ్లారా చూశారు, వారి ఆహారంలో కొంత పుచ్చుకున్నారు కూడా. యెహోవా సెలవు మాత్రం అడగలేదు. మూడు రోజులకే వాళ్లు ఇరుగుపొరుగువారేనని తెలిసింది, కానీ అప్పటికే వాళ్లను చంపమన్న ప్రమాణం అయిపోయింది. ఆ ప్రమాణం ఎంత గట్టిదంటే, తరాల తరువాత సౌలు రాజు దాన్ని మీరి గిబియోనీయులను చంపించినందుకు, దావీదు కాలంలో మూడేళ్ల కరవు వచ్చింది. ఆధారాలు లేనప్పుడు మనం ఎలాగూ మోకరిస్తాం. ఆధారాలన్నీ చేతిలో ఉన్నప్పుడే, ఇక అడిగేదేముందిలే అనుకుంటాం.

ఈ మాట అనగానే, మనుషుల సాయమే వద్దనే వాళ్లు కొందరు బయలుదేరతారు. మాత్రలు మింగడం అవిశ్వాసమని రోగిని ఇంట్లోనే ఉంచే మూర్ఖత్వాన్ని నేను సమర్థించడం లేదు. జబ్బుపడిన హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించాక, యెషయా ప్రవక్త అతని పుండు మీద వేయించింది అంజూరపు పండ్ల ముద్దనే.

అడగడం అంటే ఏమిటో నాకు నెహెమ్యా దగ్గర కనబడుతుంది. అతను పారసీక రాజు కొలువులో ఉన్న యూదుడు. యెరూషలేము ప్రాకారం పడిపోయి ఉందన్న వార్త అతనికి షూషను కోటలో కిస్లేవు మాసంలో చేరింది. రోజూ రాజుకు ద్రాక్షారసం అందించే మనిషి, ఆ రాజు అర్తహషస్త ముందు నోరు విప్పింది మాత్రం నీసాను మాసంలో, అంటే దాదాపు నాలుగు నెలల ఉపవాస ప్రార్థనల తరువాత. నీకేం కావాలని రాజు అడిగినప్పుడు కూడా ముందు ఆకాశమందలి దేవునికి ప్రార్థించి, ఆ తరువాతే జవాబిచ్చాడు. యెరూషలేమును తిరిగి కట్టడానికి తనను పంపమన్న ఆ జవాబులో తడబాటు లేదు. ఎన్నాళ్లలో తిరిగి వస్తాడో చెప్పాడు, నది అవతలి అధికారులకు తాకీదులు అడిగాడు, కోట తలుపుల దూలాలకు మ్రానులిమ్మని రాజు అడవులను కాసే ఆసాపుకు ఒక లేఖ కూడా అడిగాడు. రాజు వెంట పంపిన సేనాధిపతులను, గుర్రపు రౌతులను వద్దనలేదు. అంతకు పదమూడేళ్ల ముందు అదే రాజు కాలంలో అదే దారిన బయలుదేరిన ఎజ్రా అనే యాజకుడు మాత్రం, మా దేవుని హస్తం మాకు తోడుందని చెప్పుకున్నాక సైన్యాన్ని అడగడానికి సిగ్గుపడి, అహవా నది దగ్గర ఉపవాసం ప్రకటించి, కావలి లేకుండానే వెళ్లాడు. ఒకరు కావలితో, ఒకరు కావలి లేకుండా వెళ్లినా, ఇద్దరూ అడిగే బయలుదేరారు. అందుకే ఎవరికో దొరికిన జవాబును మనం అరువు తెచ్చుకోవడం కుదరదు.

మన సంఘాల్లో జరుగుతున్నది సరిగ్గా ఆ అరువే. కష్టం రాగానే పాస్టరు అయ్యగారికి ఫోన్ చేసి "మీరు ప్రార్థించి ఏం చేయాలో చెప్పండి" అంటాం, దాన్ని దేవుణ్ణి ఆశ్రయించడం అనుకుంటాం. ఆయన కూడా మనిషే కదా! కొత్త సంవత్సరపు ఆరాధనలో తీసిన, బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డును బట్టి స్థలం కొన్నవాళ్లను నేనెరుగుదును. కార్డు తీయడానికి అర నిమిషం చాలు, నాలుగు నెలలు కనిపెట్టడానికి ఓపిక కావాలి. ఆ ఓపిక నాకూ లేదని మొదటే ఒప్పుకున్నాను.

మొన్న అదే బంధువు మళ్లీ ఫోన్ చేశాడు. దుకాణం తిరిగి తెరవడానికి కొంత సర్దమని అడిగాడు. కుదరదన్న మాట నోటి చివరి దాకా వచ్చింది కానీ, రెండు రోజులు ఆగమన్నాను. ఇవ్వాలా వద్దా అని అడుగుదామని మోకరిస్తే, అతని మీద పెంచుకున్న కోపమే ముందు అడ్డొచ్చి, అసలు ప్రశ్న దగ్గరికే చేరలేకపోయాను. నేనిచ్చిన గడువు ఈ రాత్రితో అయిపోతుంది. ఇంకో వారం కావాలని ఇప్పుడే అతనికి మెసేజ్ పెట్టాను.