ఒక్కడే ఉన్న బిడారు

నిఘంటువులు అర్జెంటుగా దిద్దుకోవాలి. పారసీలో కారవాన్ అంటే దారిదోపిడీకి జడిసి పదిమందీ కలిసి నడిచే బాటసారుల గుంపు. మన షూటింగు స్పాటులో కారవాన్ అంటే ఆ పదిమందినీ తప్పించుకుని ఒక్కడే కూర్చునే ఏసీ గది. పైగా అది పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అంగుళం కదలదు.

నిజానికి మనకు ఈ అరువు అక్కర్లేదు. బిడారు అనే మాట ఉండనే ఉంది. సంస్కృతంలో సార్థం, దాన్ని నడిపేవాడు సార్థవాహుడు. స-అర్థం, అంటే డబ్బూ సరుకూ వెంట ఉన్నది. ఆ లెక్కన ప్రొడక్షన్ మేనేజరే నేటి సార్థవాహుడు. కాకపోతే అర్థం నిర్మాతది. 2022 ఆగస్టు 1 నుంచి ఖర్చులు తాళలేక నిర్మాతలు షూటింగులే ఆపేసింది ఈ అర్థం గురించే.

ఇంగ్లీషువాళ్లు గుంపు పేరును కప్పుబండికి పెట్టి, 19వ శతాబ్దంలో తల కోసేసి తోక ఉంచుకున్నారు. ఆ తోకే మన స్కూలు వ్యాను, పాల వ్యాను. మనం ఊరుకుంటామా? ‘కారవాన్ వ్యాను’ అని తోకకి తోక తగిలించాం. గోడ మీద వాల్‌పోస్టర్ అతికించే జాతికి ఇదో లెక్కా!

ఒంటెల బిడారులో ఓ కిటుకుంది. వెనక ఒంటె ముక్కుతాడుని ముందు ఒంటె జీనుకి కట్టేటప్పుడు మధ్యలో పలచటి దారం ముడేస్తారు. ఒంటె తూలిపడితే దారం తెగుతుంది, ముక్కు చీలదు. మన కారవాన్‌కి అలాంటి దారం లేదు. నేల వాలుగా ఉంటే ఏసీ నీళ్లు లోపలికే కారతాయి. పల్లెలో కరెంటు తీగ కిందుంటే బండి పొలిమేరలోనే ఆగిపోతుంది. జనరేటర్ దగ్గర్లో పెడితే దాని రొద డైలాగుల్లో పడుతుంది, దూరంగా పెడితే కేబుల్ చాలదు. టాయిలెట్ ట్యాంకు నిండిందంటే ఆ పూటకి హీరోగారికి మూడ్ ఉండదు. ముక్కు ఎవరిది చీలుతుందో చెప్పక్కర్లేదు.

దారి మూసేయడంలో మాత్రం సంప్రదాయం చెడలేదు. 17వ శతాబ్దంలో గోల్కొండ దాకా వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, పది పన్నెండు వేల ఎద్దుల బిడారు ఇరుకుదారిలో ఎదురైతే అది దాటేదాకా రెండు మూడు రోజులు ఆగాలని రాశాడు. అయితే ఆ ఎద్దుల మీద బియ్యం, ఉప్పు ఉండేవి.

అసలు బిడార్లు దిగిన చోటు హైదరాబాద్‌లో ఇప్పటికీ ఉంది. గోల్కొండ నుంచి పురానాపూల్ వచ్చే దారిలో, 1671 నాటి టోలీ మసీదు ఉన్న కార్వాన్. అక్కడి సందుల్లో షూటింగు పెట్టుకుంటే కారవాన్ మెయిన్ రోడ్డు మీదే ఆగాలి. మిగతా ఫర్లాంగు హీరోగారు పదిమందితో కలిసి నడవాల్సిందే, బౌన్సర్లను కూడా లెక్కేస్తే.