అన్నీ మార్చమని చెప్పలేదుగా!

జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఒక మాట తీసి మరో మాట పెట్టే రీప్లేస్ అనే మహానుభావుడు ఉన్నాడు. ఆయన నిరాడంబరత గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. స్ట్రింగ్ (అంటే అక్షరాల వరుస) నిండా ఉన్న 'సీత'ను 'గీత' చెయ్యి నాయనా అని పని అప్పగిస్తే, మొదటి సీతను మాత్రం మార్చి చేతులు దులుపుకుంటాడు. మిగతా సీతల సంగతేమిటి? అన్నీ మార్చమని మీరు చెప్పలేదుగా!

ఈ భాష పుట్టింది 1995లో. అన్నీ మార్చాలంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే వెతకాల్సిన అక్షరాల నమూనా, రాసి దాని తోకకు 'అన్నిచోట్లా' అని అర్థమిచ్చే 'జి' తగిలించాలి. లేదా స్ప్లిట్‌తో ముక్కలు చేసి, జాయిన్‌తో మళ్లీ అతికించాలి. ఒక తరం ప్రోగ్రామర్లు ఇలాగే కాలక్షేపం చేశారు. అన్నీ మార్చే రీప్లేస్‌ఆల్ ఈ భాష ప్రమాణంలోకి వచ్చింది 2021లో. నిదానమే ప్రధానం కదా. పైగా ఆ వచ్చినవాడికి జి లేని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఇస్తే టైప్‌ఎర్రర్ అని తప్పు పట్టి మొహాన విసురుతాడు. 'ఆల్' అని పేరులోనే పెట్టుకుని, అన్నీ మార్చాలని విడిగా రాసివ్వమంటాడు!

జావా అనే మరో భాష వాళ్లు నవ్వుకోనక్కర్లేదు. అక్కడ రీప్లేసూ అన్నీ మారుస్తుంది, రీప్లేస్‌ఆలూ అన్నీ మారుస్తుంది. కాకపోతే రెండోది మీరిచ్చినదాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనుకుంటుంది. '10.5.2'లో చుక్కల బదులు హైఫన్లు పెట్టమనండి. చుక్క అంటే దాని దృష్టిలో 'ఏ అక్షరమైనా' కాబట్టి ఆరు హైఫన్లు చేతిలో పెడుతుంది. అంకెలు హుష్‌కాకి.

ఇప్పుడు ఒక నవలాకారుణ్ని ఊహించుకోండి. నవల పూర్తయ్యాక నాయిక పేరు సీత కాదు, గీత అయితే బాగుంటుందనిపించింది. జావాస్క్రిప్ట్ రీప్లేస్‌కు అప్పగించాడు. మొదటి వాక్యంలో గీత కిటికీ తెరిచింది. రెండో వాక్యంలో సీత బయటికి చూసింది. గీత మళ్లీ కనిపించదు. ముగింపు దాకా ఆమె ఏమైందో తెలియక పాఠకులు గింజుకుంటారు. విమర్శకులు దాన్ని 'నాయిక అంతరంగ విభజన' అని మెచ్చుకుంటారు. రచయిత నాలిక కరుచుకుని ఈసారి అన్నీ మార్పించాడు. తోటలో గీతాకోకచిలుకలు ఎగిరాయి. కవి అయిన నాయకుడు ఆ గీతాకోకచిలుకల మీద పద్యం చెప్పాడు, యతి చెడింది. అదీ ఆధునికతే అన్నారు విమర్శకులు.

నవల కాబట్టి సరిపోయింది. 2002 నాటికి యాహూ మెయిల్ భద్రత పేరుతో జనం ఉత్తరాల్లో 'ఇవాల్' (eval, జావాస్క్రిప్ట్‌లో ఒక ఆజ్ఞ) అనే అక్షరాలు కనిపిస్తే 'రివ్యూ' చేసేది. దాంతో 'మెడీవల్' (medieval) కాస్తా 'మెడిరివ్యూ' అయింది. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టమన్న బాపతు.

2008లో వన్‌న్యూస్‌నౌ అనే అమెరికా సైటు, వార్తల్లో 'గే' అన్న మాట ఎక్కడున్నా 'హోమోసెక్సువల్' అని మార్చే ఏర్పాటు చేసుకుంది. ఒలింపిక్ ట్రయల్స్‌లో వంద మీటర్లు పరిగెత్తిన టైసన్ గే, ఆ వార్తలో టైసన్ హోమోసెక్సువల్ అయ్యాడు. శీర్షికలోనూ అదే. ఇక్కడ నాకు నవ్వు రాదు. అది ఆ మనిషి ఇంటిపేరు! ఏళ్లకేళ్లు చెమటోడ్చి అంతదాకా వచ్చినవాడి పేరును, ఎదుటివాడి మాటల్ని తనకు నచ్చినట్టు దిద్దాలన్న ఒక బుద్ధి, ఒక్క వరుస కోడు కలిసి చెరిపేశాయి. అచ్చు వేసేముందు ఒక్కడు చదివి చావలేదు. అడిగితే 'సాఫ్ట్‌వేర్ పొరపాటు' అంటారు. సాఫ్ట్‌వేర్‌కేం తెలుసు? అది చెప్పింది చేసింది. చెప్పినవాడికి సిగ్గుండక్కర్లేదా?

ఒకటి మార్చినా, వెయ్యి మార్చినా, అసలేమీ మార్చకపోయినా జావాస్క్రిప్ట్ రీప్లేస్ ఒక స్ట్రింగ్ ఇచ్చి ఊరుకుంటుంది, అంతే. లెక్క చెప్పడం అసాధ్యమేమీ కాదు. పెర్ల్ అనే భాష ఎన్ని మార్చిందో చెబుతుంది. పైథాన్‌లో అందుకోసమే సబ్‌ఎన్ ఉంది. పీహెచ్‌పీ అయితే స్ట్ర్‌రీప్లేస్‌కు నాలుగో ఆర్గ్యుమెంట్‌గా, అంటే బ్రాకెట్లలో నాలుగో అంశంగా, ఒక వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) ఇస్తే అందులో లెక్క రాసిపెడుతుంది. ఆ నాలుగోది నింపిన పుణ్యాత్ములెవరైనా మీకు ఎదురైతే నా నమస్కారాలు చెప్పండి. మూడు నింపేసరికే మనవాళ్లకు ఆయాసం.