మోనే బొమ్మలో ఎండ సమ్మర్‌ది కాదు

ఫ్రెంచ్ పెయింటర్ క్లోడ్ మోనే వేసిన 'బోర్డిగేరా' పెయింటింగ్ చూసి చాలామంది అబ్బ, సమ్మర్ హాలిడే ఫీల్ ఉంది అంటుంటారు, కానీ అది సమ్మరే కాదు. బోర్డిగేరా అంటే ఊరి పేరు, 1884 జనవరిలో వెళ్లాడాయన ఆ ఊరికి, ఇటలీలో ఫ్రాన్స్ బోర్డర్‌కి దగ్గర్లో సముద్రం పక్కనే ఉంటుంది, ఓ మూడు వారాలుండి వచ్చేద్దాం అనుకున్నవాడు దాదాపు మూడు నెలలు అక్కడే ఉండిపోయాడు. మే నెలలో తల మీద తువ్వాలేసుకుని నీడ కోసం వెతుక్కునే మనకి ఎండని చూసి ఇంత మురిసిపోవడం వింతగానే ఉంటుంది గానీ, ఉత్తర ఫ్రాన్స్‌లోని నార్మండీ మబ్బుల కింద పెరిగినవాడికి నడి చలికాలంలో ఆ వెలుతురు చూస్తే మతి పోయుంటుంది.

పైగా హాయిగా కూర్చుని వేసిన బొమ్మలు కూడా కావివి. అంతకుముందు డిసెంబర్‌లో తోటి పెయింటర్ రెన్వార్‌తో కలిసి ఆ వైపంతా తిరిగొచ్చాడు, మళ్లీ వెళ్లేటప్పుడు మాత్రం ఎవరికీ చెప్పొద్దని తన బొమ్మలు అమ్మిపెట్టే డీలర్ డ్యూరాన్-రుయెల్‌కి ఉత్తరం రాశాడు, ఇద్దరం పక్కపక్కన వేస్తే తనకి పని సాగదని. తీరా వెళ్లాక ఆ తాటి జాతి చెట్లు, ఆలివ్ తోటలు ఒక పట్టాన లొంగలేదు, ఈ రంగులు వెయ్యాలంటే వజ్రాలు రత్నాలు ఉన్న పాలెట్ (రంగులు కలుపుకునే పలక) కావాలని ఉత్తరాల్లో వాపోయాడు.

ఆ అవస్థ బొమ్మలోనే కనిపిస్తుంది. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉన్నదే చూడండి, 65 సెంటీమీటర్ల ఎత్తు, 81కి కాస్త తక్కువ వెడల్పు, అంతే. పేరు ఊరిది, కానీ ముందంతా మెలికలు తిరిగిన పైన్ చెట్లే అడ్డంగా ఉంటాయి, వాటి సందుల్లోంచి ఇళ్ల గోడలు, చర్చి గంట స్తంభం, ఆ వెనక నీలంగా సముద్రం. టూరిస్టులకి అమ్ముకునే బొమ్మైతే ఊరిని ముందుకి తెచ్చి చెట్లు పక్కకి జరిపేవాడు కదా. నాకైతే అసలు పనంతా ఆ చెట్ల నీడల్లోనే ఉందనిపిస్తుంది, నీడ అనగానే మనం నలుపు కలిపేస్తాం, ఈయన నీలం, ఊదా, ముదురు ఆకుపచ్చ పక్కపక్కనే పెట్టాడు, నీడలో కూడా అంత రంగు ఉండబట్టే పక్కనున్న గోడ మీద ఎండ అంతలా కొడుతుంది. తెలుపు ఎక్కువ పూసినంత మాత్రాన ఎండ రాదు.

షికాగో చుట్టుపక్కల మనవాళ్లు బోలెడుమంది ఉన్నారు, వెళ్తే ముందు దగ్గరికెళ్లి ఆ నీడలు చూసి, తర్వాత నాలుగడుగులు వెనక్కి రండి.

ఇంకోటి, ఇంప్రెషనిస్టులంటే, అదే మోనే, రెన్వార్ లాగా మారే వెలుతురుని పట్టుకుని వేసే పెయింటర్లంటే, అంతా అక్కడికక్కడే, ఆ క్షణంలోనే వేసేసేవాళ్లని ఒక కథ ఉంది. మోనే ఆ ట్రిప్‌లో వేసినవాటిలో కొన్నింటిని ఫ్రాన్స్‌లో తను ఉండే జివెర్నీకి తిరిగొచ్చాక ఇంట్లో కూర్చుని సరిచేసుకున్నాడు. అది మోసం అనేవాళ్లున్నారు, నాకేం అనిపించదు, మూడు నెలలు కళ్లారా చూసొచ్చినవాడికి ఇంట్లో ఆ మాత్రం దిద్దుకునే హక్కు లేదా.