సవరణ: బానర్‌మన్ గురువు లారెన్స్ కాదు, కాఫిన్

క్రికెటర్ చార్లెస్ లారెన్స్ మీద రాసిన పోయిన పోస్టులో ఒక తప్పు దొర్లింది. టెస్టుల్లో తొలి సెంచరీ చేసిన చార్లెస్ బానర్‌మన్‌కు ఆట నేర్పింది ఆయనే అన్నాను. కాదు, విలియం కాఫిన్. ఇద్దరూ 1828లో పుట్టిన, డబ్బు తీసుకుని ఆడే ఇంగ్లిష్ ప్రొఫెషనల్ క్రికెటర్లే, 1861-62లో స్టీఫెన్సన్ కెప్టెన్‌గా ఉన్న ఇంగ్లిష్ జట్టుతో ఆస్ట్రేలియా వెళ్లినవాళ్లే. నేను పొరబడింది అక్కడే.

లారెన్స్ ఆ టూర్ అయ్యాక సిడ్నీలో ఆల్బర్ట్ క్లబ్ కోచ్‌గా ఉండిపోయారు. కాఫిన్ మాత్రం ఇంటికెళ్లి, 1863-64లో జార్జ్ పార్ కెప్టెన్‌గా ఉన్న ఇంగ్లిష్ జట్టుతో మళ్లీ ఆస్ట్రేలియా వచ్చి అప్పుడు ఆగారు. ముందు మెల్‌బోర్న్‌లో, తర్వాత సిడ్నీలో కోచింగ్. బానర్‌మన్ ఆయన చేతికి చిక్కింది సిడ్నీలోనే. పాపం, 1877లో శిష్యుడు 165 కొట్టేనాటికి గురువు అక్కడ లేరు. అంతకు ముందే ఇంగ్లండ్ తిరిగి వెళ్లిపోయారు.

1868లో ఆస్ట్రేలియా ఆదివాసీ ఆటగాళ్ల జట్టును ఇంగ్లండ్ తీసుకెళ్లింది లారెన్సే, ఆ భాగంలో మార్పు లేదు. 47 మ్యాచ్‌ల్లో 14 గెలుపులు, 14 ఓటములు, మిగతావి డ్రా. పాత పోస్టులో పేరు సరిచేశాను.