గొడవ సద్దుమణిగితే ప్రమాదం తప్పినట్టేనా?

రాత్రి పదకొండు దాటాక డయల్ 100కి కాల్ వస్తుంది. భర్త తాగొచ్చి కొడుతున్నాడని పక్కింటివాళ్లు చెబుతారు. గస్తీలో ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్లు బండి మీద వెళ్తారు. తలుపు తీసేది భర్తే. ఆమె వెనకాల నిలబడి ఉంటుంది. ‘ఏమ్మా, కొట్టాడా?’ అని అతని ముందే అడుగుతారు. ‘ఏం లేదు సార్’ అంటుంది. అతన్ని నాలుగు మాటలు మందలించి, ఇద్దరికీ సర్దిచెప్పామని కంట్రోల్ రూమ్‌కి చెప్పి వెళ్లిపోతారు. అక్కడితో కాల్ క్లోజ్.

త్వరగా చేరుకున్నారు కాబట్టి రికార్డుల్లో ఇది మంచి పనితీరే. నా అభ్యంతరం అక్కడే. ఎన్ని నిమిషాల్లో వెళ్లారో గొప్పగా చెప్పుకుంటాం. వెళ్లాక ఏం అడిగారు, ఆమెను ఏ స్థితిలో వదిలి వచ్చారు అన్నది మాత్రం పట్టించుకోం. గొడవ ఆగిందా లేదా అన్నదాన్ని బట్టి కాల్ తీవ్రతను అంచనా వేయడం తప్పు. అంతకుముందు ఏం జరిగిందో చూడాలి.

అమెరికాలోని మేరీల్యాండ్‌లో 2005లో 11 ప్రశ్నల పద్ధతి మొదలైంది. చంపుతానని బెదిరించాడా, గొంతు నులిమాడా, ఈమధ్య ఆమె విడిపోయిందా వంటివి పోలీసులు ఘటనా స్థలంలోనే అడుగుతారు. జవాబులు ప్రమాదాన్ని సూచిస్తే అక్కడి నుంచే ఆమెను ఫోన్లో కౌన్సెలర్‌తో మాట్లాడిస్తారు. గొంతు నులిమితే రక్తం రాదు, చాలాసార్లు మెడ మీద మచ్చ కూడా కనిపించదు. కానీ అలా ఒకసారి జరిగిన మహిళ తర్వాత హత్యకు గురయ్యే ముప్పు ఆరు రెట్లకు పైగా పెరుగుతుందని అక్కడి పరిశోధకులు తేల్చారు. మన కానిస్టేబుల్ అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

2018 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని సోలిహల్‌లో ఓ యువతినీ, ఆమె తల్లినీ విడిగా ఉంటున్న భర్త చంపేశాడు. ఆ రాత్రి ఆ యువతి అక్కడి అత్యవసర నంబరు 999కి పదే పదే ఫోన్ చేసింది. పోలీసుల వైఫల్యాలూ ఆ చావులకు కారణమని 2022లో విచారణ తేల్చింది. 2025లో అక్కడ ఐదు పోలీసు విభాగాల కంట్రోల్ రూముల్లో గృహహింస నిపుణులను నియమించారు.

మన దగ్గర పరిస్థితి ఇంకా సున్నితం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం భర్త హింసను ఎదుర్కొన్న వివాహితలు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తమ్మీద హింసకు గురైన మహిళల్లో సాయం కోరినవాళ్లు 14 శాతమే. అంటే ఒక ఆడమనిషి ఫోన్ చేసిందంటే అది మొదటి దెబ్బ కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

భర్త, అత్తింటివాళ్ల వేధింపులపై అప్పటి ఐపీసీ 498ఏ కింద పెట్టే కేసుల్లో ఆటోమేటిక్‌గా అరెస్టు చేయొద్దని 2014లో సుప్రీంకోర్టు చెప్పిందని స్టేషన్లలో అంటుంటారు. నిజమే, కానీ అది అరెస్టుకు సంబంధించిన మాట. ఆమెను పక్కకు తీసుకెళ్లి మాట్లాడొద్దనో, జరిగింది రాసుకోవద్దనో కోర్టు అనలేదు. పైగా 2005 గృహహింస చట్టంలోని సెక్షన్ 5 ప్రకారం ఆమెకున్న హక్కులు, ప్రొటెక్షన్ ఆఫీసర్ (బాధితులకు సాయం చేయడానికి ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి) సేవలు, ఉచిత న్యాయ సాయం గురించి చెప్పడం పోలీసు బాధ్యత. అత్యవసరమైతే ప్రొటెక్షన్ ఆఫీసర్ వెంట పోలీసులు ఇంటికి వెళ్లాలని 2006 నిబంధనల్లో ఉంది. అర్ధరాత్రి అలా ఇద్దరూ కలిసి వెళ్లిన ఇల్లు మన చుట్టుపక్కల ఎవరికైనా గుర్తుందా?

రాత్రి డ్యూటీలో ఇద్దరే ఉండి, ఒకేసారి నాలుగు కాల్స్ వస్తే వాళ్ల టెన్షన్ అర్థమవుతుంది. అందుకే భారమంతా వాళ్ల మీద వేయకూడదు. అదే ఇంటి నుంచి ఇంతకుముందు ఎన్ని కాల్స్ వచ్చాయో బయల్దేరకముందే వాళ్ల ఫోన్లో కనిపించాలి. రెండోసారి వచ్చిన కాల్‌ను ఎస్సై చూడకుండా క్లోజ్ చేయకూడదు. మర్నాడు ఆమెకు తిరిగి ఫోన్ చేయడం తప్పనిసరి చేయాలి. ఏ నంబరుకు, ఏ టైముకు చేస్తే అతను పక్కన ఉండడో ఆ రాత్రే విడిగా అడిగి రాసుకోవాలి.